వేరుసెనగలో కానరాని విషము

మన రైతులు వేరుసెనగ పంటకు గలుగు నష్టములను లెక్కించునపుడు బెట్టను, ఎఱ్ఱ గొంగళిపురుగును, తిక్క తెగులును, తుదకు ధర పడిపోవుటను జెప్పుదురు. ఈ లెక్కలో జేరని నష్టము వేఱొకటి గలదు. అది తూకమును దగ్గింపదు. కాయను గుల్ల చేయదు. పప్పునకు చెడు వాసన గాని చేదు గాని పట్టకయే యుండవచ్చును. బస్తా చూచిన వర్తకునికిని, వండిన యిల్లాలికిని, తిన్న బిడ్డకును దెలియకుండ నది పప్పులో నుండును. పప్పునకు బట్టిన యొక విధమైన బూజు విడుచు విషమది. శాస్త్రజ్ఞులు దీనిని అఫ్లటాక్సిన్ అందురు. దీనిని గుఱించి హైదరాబాదు నగరమునను, దాని చేరువనున్న పటాన్‌చెరువునను జరిగిన పరిశోధనలు దేశదేశముల శాస్త్రజ్ఞులకు దెలిసినంతగా మన పల్లెలకు దెలియలేదని మేము తలంచుచున్నాము. కావున నీ సంచికలో దీనిని గొంచెము విస్తరించి వ్రాయుచున్నాము.

ఈ విషము బయటపడిన కథ యింగ్లండులో మొదలైనది. 1960వ సంవత్సరమున ఆ దేశమున సీమకోళ్లు, అనగా టర్కీ కోళ్ల పిల్లలు, కొలది నెలలలో లక్షకు పైగా చచ్చిపోయినవి. అవి తిండి మాని, రెక్కలు వ్రేలవేసి, వారము తిరుగక మునుపే పడిపోయెడివి. కోసి చూడగా కాలేయములు చెడియుండెను. అంటువ్యాధిని గలిగించు క్రిమి యేదియు దొరకలేదు. పేరు తెలియని యా జబ్బునకు ‘టర్కీ ఎక్స్ వ్యాధి’ యని పేరు పెట్టిరి. చచ్చిన మంద లన్నిటికిని సమానమైన దేమని విచారింపగా, వాని దాణాలో బ్రెజిలు దేశమునుండి వచ్చిన వేరుసెనగ పిండి కలిసియున్నదని తేలినది. ఆ పిండిలో బూజు పోగులు కనబడెను గాని యవి యెప్పుడో చచ్చిన పోగులు. అవి విడిచిన విషము మాత్రము చావలేదు. బూజు చచ్చినను విషము నిలుచునను నీ సంగతిని చదువరులు మనస్సున నుంచుకొనవలెను. ముందు చెప్పబోవు వానిలో సగము దీనినుండియే పుట్టును.

ఆ బూజు పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. మిచేలి యను నిటలీ దేశపు మతగురువు, వృక్షశాస్త్రజ్ఞుడు గూడను, 1729లో ఈ జాతి బూజును సూక్ష్మదర్శినిలో జూచి, తమ గుడిలో తీర్థము చల్లు సాధనమువలె నున్నదని దాని పేరే దీనికి బెట్టెను. మన పెండ్లిండ్లలోని పన్నీటి బుడ్డిని దలచుకొన్నచో నా యాకారము దెలియును: సన్నని కాడ, కొనను గుండ్రని తల, ఆ తలనుండి రాలెడి పొడి. ఆ పొడిలోని ప్రతి రేణువును మరల మొలచునదే. ఫ్లేవస్ అనగా లాటిను భాషలో పసుపుపచ్చనిది. ఈ రెండు పేర్ల మొదటి యక్షరములకు విషమను నర్థముగల టాక్సిన్ అను మాటను జేర్చి అఫ్లటాక్సిన్ అనిరి. ఆ విషమును విడదీసి యతినీలలోహిత కాంతిలో బెట్టగా గొంత నీలముగను గొంత యాకుపచ్చగను వెలిగినది. ఆ రంగుల యింగ్లీషు పేర్లను బట్టియే బి1, బి2, జి1, జి2 అని నాలుగు రకములుగా జెప్పుదురు. వీనిలో బి1 మిక్కిలి చెడ్డది.

కోళ్లకు వచ్చినది మనుష్యులకును వచ్చునా యను ప్రశ్నకు జవాబు మన దేశముననే దొరకినది. దొరకిన విధము మాత్రము మిక్కిలి విచారకరము.

1974వ సంవత్సరపు తుది నెలలలో రాజస్థానములోని బాన్స్‌వాడా, గుజరాతులోని పంచమహల్ జిల్లాలయందు కామెర్లు వ్యాపించినవి. ఈ రెండు జిల్లాలు నొకదాని కొకటి చేరువనున్న గిరిజన ప్రాంతములు. అచటివారి ముఖ్యాహారము మొక్కజొన్న. కరవు మరిగిన యా నేలపై ఆ యేడు పంట చేతికివచ్చు వేళకు గాలముగాని వానలు కురిసినవి. తడిసిన పంటను సరిగా దాచుకొను వసతి యా యిండ్లలో లేదు. నల్లబడిన గింజనే విసరి రొట్టె చేసికొని తినిరి. కొలది వారములలో జ్వరము, కామెర్లు, పిదప పొట్టలో నీరు చేరుట. 200లకు పైగా గ్రామములలో 397 మంది జబ్బుపడగా వారిలో 106 మంది మరణించిరి.

హైదరాబాదు తార్నాకలో నున్న జాతీయ పోషకాహార సంస్థకు జెందిన కృష్ణమాచారి, రమేశ్ భట్, నాగరాజన్, తిలక్ అను శాస్త్రజ్ఞులు దీనిని విచారించి 1975లో లాన్సెట్ అను వైద్యపత్రికయందు బ్రకటించిరి. కామెర్లనగానే యెవరికైనను నీటివలన వచ్చు నంటువ్యాధి స్ఫురించును. కాని యిది యందఱికిని రాలేదు; బాగుగా జెడిన మొక్కజొన్నను దిన్న కుటుంబములలోనే వచ్చెను. అంతకంటె విచిత్రమైన సాక్ష్యము మఱియొకటి దొరకినది. ఆ యిండ్లలోని కుక్కలకును గామెర్లు వచ్చి, పొట్టలు నీటితో నుబ్బి, యవియు జచ్చెను. మనుష్యుల కంటుకొను కామెర్లు కుక్కల కంటుకొనవు. ఇంటివారికిని వాకిటి కుక్కకును సమానమైనది రొట్టె యొక్కటే గదా. ఆ మొక్కజొన్నను పరీక్షింపగా గిలోకు 6.25 మొదలు 15.6 మిల్లిగ్రాముల వఱకు అఫ్లటాక్సిన్ కనబడెను. ఇప్పుడు మన చట్టము ధాన్యములలో నొప్పుకొను పరిమితితో బోల్చిచూచిన దీనిలో తక్కువదియే నాలుగువందల రెట్ల పైమాట.

అజ్ఞానమువలన దినిరని చెప్పుట సులభము. ఆ ప్రకటనలోను, గరవుతోను కాలముగాని వానలతోను నిలువ వసతులు లేకపోవుటతోను బాటు, తెలియమిని గూడ కారణముగా జెప్పియున్నారు. మాకు దోచునదేమనగా, ఇంటిలో మఱియొక గింజ యున్నవాడు నల్లబడిన గింజను దినడు. బూజు విషము ముందుగా బీదవాని విస్తరినే వెదకును. ఆఫ్రికాలోని కెన్యా దేశమున 2004లో సరిగా నిట్టిదే జరిగెను, మొక్కజొన్నయే కారణము, 317 మంది జబ్బుపడగా 125 మంది చనిపోయిరి.

డాక్టరు భట్ గారును వారి తోడివారును బూజు పట్టిన తిండివలని జబ్బులను బెక్కేండ్లు వెంబడించిరి. 1975లో రాజస్థానమున దేనెబంక తెగులు సోకిన సజ్జలను దిని వాంతులు, తలత్రిప్పుట, మగతలతో బాధపడినవారిని విచారించిరి. 1987లో కాశ్మీరులో వానకు దడిసిన గోధుమల పిండితో జేసిన రొట్టెలవలని కడుపునొప్పికి వేఱొక బూజు విషము కారణమని చూపిరి. 1995లో మన దక్కను పీఠభూమిలోనే 27 గ్రామములలో జనులు వానకు జెడిన జొన్నలను, మొక్కజొన్నలను దిని కడుపునొప్పి, విరేచనములతో బాధపడిరి. అచట ఫ్యుమోనిసిన్ అను మఱియొక విషము దొరకెను. బూజులు వేఱు, విషములు వేఱు. కోతవేళ వాన, ఆరబెట్టుటకు వీలులేకపోవుట యను కారణములు మాత్రము తఱచుగా నవియే. సజ్జల విషయమున నొక యుపాయము గలదు. నూటికి ఇరువది పాళ్లు ఉప్పు కలిపిన నీటిలో బోసినచో దెగులు గింజలు పైకి దేలును; వానిని దీసివేసి మంచి సజ్జలను మంచినీట గడిగి యెండబెట్టుకొనవచ్చును. వేరుసెనగకు నింత సులభమైన చికిత్స లేదు. కావుననే దానిని గుఱించి యెక్కువ వ్రాయవలసివచ్చినది.

బాన్స్‌వాడావలె నొక్కసారిగా జంపుట యరుదు. కొంచెము కొంచెముగా బహుకాలము తినుటవలన గలుగు హాని కంటికి దెలియనిది. ఈ విషము కాలేయములో జేరి జీవకణముల మూలద్రవ్యమును చెఱచును. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1987లోనే అఫ్లటాక్సినులను మనుష్యులకు క్యాన్సరు గలిగించునవిగా నిశ్చయించినది. హెపటైటిస్ బి యను కామెర్ల క్రిమి శరీరమున నున్నవారికి నీ విషము తోడైనచో, రెండింటి యపాయములను గూడినదానికంటె నెక్కువ యపాయము గలుగునని తెలిసినది. పిల్లలకు ఆ క్రిమికి టీకా వేయించుట యీ విషయమునను మేలు చేయును.

ఇక మన పొలములోనికి వత్తము. ఈ బూజు ఎక్కడినుండియో రాదు. దీని రేణువులు మన నేలలోనే, చెత్తలోనే, గాలిలోనే యున్నవి. వేరుసెనగ కాయ నేలలోపల ఊరునది గనుక బూజునకు గుమ్మములోనే విస్తరి వేసినట్లగును. ఐనను ప్రతి యేడు ప్రతి కాయకును విషము పట్టదు. ఏలయన పచ్చిగా నున్న పప్పు తన్ను తాను గాపాడుకొనును. బూజు సోకగానే దానిని చంపు పదార్థములను పప్పు తనలో దానే పుట్టించుకొనగలదు. అందులకు బప్పులో జాలినంత నీరుండవలెను. కాయ ఊరు కాలమున బెట్ట తగిలి పప్పులోని నీరు తగ్గినపుడు ఈ శక్తి నశించును. కొంచెపు నీటిలోను బ్రదుకగల బూజు లోపలికి బోవును. అమెరికాలోని జార్జియా రాష్ట్రమున డాసన్ అను నూరి వేరుసెనగ పరిశోధనాలయమువారు నేలను గొన్ని మళ్లలో వెచ్చజేసియు, గొన్నింటిలో జల్లబఱచియు, నీరు పెట్టియు మానియు జూచిరి. పంట తుది నాలుగు మొదలు ఆఱు వారములలో నీరు లేకుండుట, కాయలున్న మట్టి ఇంచుమించు 28 మొదలు 31 డిగ్రీల వేడిమిలో నుండుట, ఈ రెండును గూడినపుడే పొలములోని పంటకు విషము మిక్కుటముగా బట్టినది. నీరు చాలినంత యున్న మళ్లలో దాదాపుగా బట్టలేదు.

అనంతపురము, కర్నూలు, చిత్తూరు ప్రాంతముల ఎఱ్ఱనేల రైతునకు ఈ మాట వినగానే తన పొలమే గుర్తునకు వచ్చును. శ్రావణ భాద్రపదములలో వానలు మొగము చాటుచేయుట యచట నరుదుగాదు. బోరుబావి గాని నీటికుంట గాని యున్నవారు కాయ ఊరుచున్నపుడు, పెట్టగలిగిన యొక్క తడినైనను బెట్టుట దిగుబడికే గాక పప్పు శుభ్రతకును మేలు. లేనివారు చేయగలిగినది నేలలో దేమను నిలుపుటయే: పశువుల యెరువు, వాలున కడ్డముగా దున్నుట. ఊడలు దిగువేళ ఎకరమునకు 200 కిలోల జిప్సము వేయుమని వ్యవసాయశాఖవారు చిరకాలముగా జెప్పుచున్నారు. పప్పు నిండుటకని మనము వేయు నా జిప్సములోని సున్నపు సత్తువ కాయ పెంకును గూడ గట్టిపఱచును. పెంకు గట్టిగా నున్నంతవఱకు బూజునకు ద్వారము లేదు. చెదలు, వేరుపురుగు, కాయ తొలుచు పురుగు, ఊడలు దిగిన పిమ్మట దోలిన గుంటక, ఇవన్నియు బూజునకు ద్వారము దెఱచునవే. పెంకు చెడనంతవఱకు బప్పులో బూజును సులభముగా జొరనీయని జె-11 వంటి రకములు గలవని పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పరిశోధనలో దేలినది. ఏ రకమును పూర్తిగా విషము పట్టనిది గాదు.

పీకుట మొదలు పది దినములు మఱింత ముఖ్యము. పీకినపుడు కాయలో నూటికి నలుబది పాళ్ల వఱకు నీరుండును. అది ఎనిమిది తొమ్మిది పాళ్లకును, లోని పప్పులో నేడు పాళ్లకును దిగువఱకు బూజునకు బండుగయే. ఈలోపల రైతు చేయు పనిని బట్టి పంట శుభ్రపడుటయు జెడుటయు. కూలీల తొందరచే బచ్చి మొక్కలను వెంటనే పెద్ద వాముగా వేయుదురు. రెండుదినముల పిమ్మట వామిలో జేయి పెట్టి చూచినవారికి లోపలి యావిరి తెలిసినదే. ఆ యావిరియు నా వెచ్చదనమును బూజు కోరునట్టివి. పీకిన మొక్కలను ఆకు క్రిందికిని గాయలు పైకిని వచ్చునట్లు తలక్రిందులుగా వరుసలలో బఱచినచో గాలియు నెండయు గాయకు దగిలి త్వరగా నారును. నేల చెమ్మ తగులదు. కాయను చెవి దగ్గఱ నూపినచో లోపలి పప్పు గలగలలాడవలెను. కాయలు కోసిన పిమ్మటను గల్లములో బలుచగా బఱచి, ప్రొద్దుగ్రుంకువేళ గుప్పచేసి కప్పి, మరల నుదయమున విప్పుచుండవలెను. వాన భయమున్నపుడు కప్పుటకు టార్పాలిను గుడ్డ యొక్కటి కొన్నచో దాని వెల యొక్క పంటలో దిరిగివచ్చును. రోడ్డుమీద నారబోయుట యిప్పుడు వాడుకయైనది. బండ్ల చక్రములక్రింద బగిలిన కాయ మొట్టమొదట బూజు పట్టునని యా రైతులు గుర్తింపవలెను.

ఇంత శ్రమపడి యారబెట్టిన కాయకు మరల నీరు చల్లు దురాచార మొకటి వర్తకములో గలదు. పొడి కాయను యంత్రములో వేసినపుడు పప్పు బద్దలగును. తడిపిన కాయ వలిచినపుడు పప్పు నిలుచును. అందుకని కొందఱు వలుచుటకు ముందు కాయలపై నీరు చల్లుదురు. తూకము పెరుగుట వారికి రెండవ లాభము. తడిసిన పప్పును గోనెలలో నింపి గోదాములో బెట్టిన పిమ్మట జరుగునది మేము వేఱుగా జెప్పనక్కఱలేదు. అట్టి పప్పు నాలుగు చేతులు మారి చెడిన పిదప, తప్పు పండించినవాని నెత్తిన బడును.

నీటి తూకమును గుఱించి చిన్న లెక్క యొకటి చెప్పెదము. నూటికి 12 పాళ్ల నీరున్న కాయ 100 కిలోలు గలవనుకొనుడు. దానిని 8 పాళ్లకు దిగువఱకు నారబెట్టినచో మిగులునది 95 కిలోల 650 గ్రాములు. అనగా గష్టపడి యారబెట్టిన రైతు నాలుగు కిలోల 350 గ్రాముల తూకమును బోగొట్టుకొనుచున్నాడు. పచ్చికాయ తెచ్చినవాడు నీటికి గూడ వేరుసెనగ ధర బుచ్చుకొనుచున్నాడు. ఇరువురికి నొకటే ధర యిచ్చు సంతలో ఏ యుపన్యాసమును రైతుచేత గాయ నారబెట్టింపజాలదు. ఈ విషము మాట యెత్తగానే రైతులకు శిక్షణ యిచ్చుటయే యుపాయమని చెప్పువారితో మే మేకీభవింపము. ఆరిన కాయకు గిట్టుబాటు గలిగించుట ముందు జరుగవలెను.

ఈ పని సహకార సంఘమునకే తగినది. కాయలోని నీటిని జూపు చిన్న యంత్రము లిప్పుడు బజారులో దొరకుచున్నవి. సంఘము కొనుగోలు చోట నొక దాని నుంచి, 8 పాళ్ల నీటిని బ్రమాణముగా దీసికొని, అంతకు మించిన నీటికి దూకములో దరుగు కట్టి, ప్రమాణమునకు దగిన కాయను వేఱు కుప్పగా నిలువచేసి వేఱుగా నమ్మవలెను. మంచిదానిని జెడ్డదానితో గలుపకుండుటలోనే సగము పని యున్నది. ఎందువలన ననగా నీ విషము బస్తాలో సమానముగా బఱచుకొని యుండదు. వేలకొలది గింజలలో నొకటి రెండింటిలోనే కుదురుకొని యుండును. ఒక్క గింజలోనే కిలోకు పదిలక్షల మైక్రోగ్రాములకు మించిన లెక్కన విషముండుట శాస్త్రజ్ఞులు చూచియున్నారు. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షవ వంతు. అట్టి గింజ యర గ్రాము తూగుననుకొన్నచో దానిలో 500 మైక్రోగ్రాముల విషముండును. మన చట్టము ముందు శుభ్రపఱచి వాడదగిన వేరుసెనగలో గిలోకు 15 మైక్రోగ్రాములకు మించరాదనుచున్నది. కావున నా యొక్క గింజ 33 కిలోల మంచి పప్పును జట్టపు హద్దువఱకు జెఱపగలదు. పదిహేను మైక్రోగ్రాములనగా వెయ్యి టన్నుల సరకులో పదిహేను గ్రాములు! యూరపు సమాఖ్యవారు నేరుగా దినదగిన పప్పులో నాలుగు మైక్రోగ్రాములకు మించ నొప్పుకొనరు. మన దేశపు వేరుసెనగను రేవులలో దఱచుగా బరీక్షించు సరకుల జాబితాలో నుంచినారు. అచట ద్రోయబడిన సరకు ధర పతనము చిల్లర ధరలో బ్రాకుచు గ్రామము వఱకు వచ్చును.

ఇదే కారణముచేత, పిడికెడు పప్పు తీసి పరీక్షించి నిశ్చయించుట వ్యర్థము. కుప్పలో బెక్కు చోట్లనుండి గొంచెము గొంచెముగా గిలోలకొలది తీసి, పిండిచేసి బాగుగా గలిపి, దానిలోనుండి పరీక్షకు దీయవలెను. పరీక్ష మునుపు మిక్కిలి ఖరీదైనది. ఇక్రిశాట్‌లో ఎలైసా యను పద్ధతిని దక్కువ వ్యయముతో జేయునట్లు తయారుచేసిరి. ఈ విషమును గుర్తించి పట్టుకొను రక్తపు మాంసకృత్తులే యందులో బరీక్షకులు. ఒక్క రైతు బస్తాకు బరీక్ష గిట్టుబాటు గాదు; సంఘపు కుప్పకు గిట్టుబాటగును.

అదే పద్ధతితో 1998, 1999 సంవత్సరములలో ఆంధ్రప్రదేశములోని మార్కెట్టు యార్డులనుండియు శీతల గిడ్డంగులనుండియు మిరపకాయలను దెచ్చి పరీక్షించిరి. 182 మాదిరులలో నూటికి 59 వంతున నీ విషము కనబడెను. మిక్కిలి యెక్కువగా గనబడిన మాదిరి, కిలోకు 969 మైక్రోగ్రాములు, మూడవ తరగతి కాయలోనిది. తాలు మిరపకాయ పొడియై యెవరి కూరలోనికి బోవుచున్నదో చదువరులే యూహింపవచ్చును. మిరపరైతులకు వేఱుగా వ్రాయదగినంత సంగతి యిందు గలదు; ఇప్పటికి గల్లము చెమ్మలేకుండ జూచుకొనుడని మాత్రము చెప్పి విడుచుచున్నాము.

ఇండ్లలో గొన్ని నమ్మకములు గలవు. కడిగిన బోవునని కొందఱు, ఉడికించిన బోవునని కొందఱు, వేయించిన బోవునని కొందఱు నందురు. కడుగుటవలన బైనున్న పచ్చని పొడి పోవును; లోని విషము పోదు. ఉడుకునీటి వేడి దానిని చెఱపజాలదు. వేయించునపుడు గొంత తగ్గుమాట నిజమే; మిగిలినది మిగిలియే యుండును. వేయించినపిమ్మట రంగు మారిన గింజ గూడ మంచిదానివలెనే కనబడుటచే నేరుట కష్టమగును. ఏరుట పచ్చిపప్పులోనే జరుగవలెను: ముడుచుకొనినవి, నల్లబడినవి, పసుపు మచ్చ గలవి, బద్దలయి లోపల బూజు కనబడునవి. నూనె సంగతి వేఱు. గానుగలో నాడించినపుడు విషములో నెక్కువ భాగము చెక్కలో నిలిచిపోవును. కొంత మడ్డితో గూడ నూనెలోనికి వచ్చును. కార్ఖానాలలో క్షారముతో శుద్ధిచేసిన నూనెలో దాదాపు పోవును. కావున నింటికని గానుగ యాడించుకొనువారు తమకు దినదగిన పప్పునే గానుగలో వేయవలెను. చెడిన పప్పును నూనెకు బోనిమ్మను మాట మానవలెను.

చెక్కలో నిలిచిన విషము పశువు కడుపులోనికి బోవును. బి1 తిన్న యావు ఒక్క దినములోపలనే దానిని ఎం1 అను రూపమున బాలలో విడువసాగును. తిన్నదానిలో నూటికి ఒకటి రెండు పాళ్లే యట్లు వచ్చును గాని పాలు త్రాగువారు పసిపిల్లలు. పాలను గాచుటవలన నిది పోదు. కిలో పాలలో అర మైక్రోగ్రామునకు మించరాదని మన చట్టము. చెడిన చెక్క మానిపించినచో గొలది దినములలోనే పాలు శుభ్రపడును. పాడిసంఘము వేఱుగను, వేరుసెనగ సంఘము వేఱుగను నున్న యూళ్లలో గూడ సభ్యులు సాధారణముగా నా యిండ్లవారే. ఒక సంఘములో నేరివేసినది రెండవ సంఘపు పాలకుండలో దేలుట యెవరికిని లాభము గాదు.

ఇక మిగిలినది ఏరివేసిన పప్పు. ఇది ప్రతి సంఘమునకును దలనొప్పి దెచ్చు సంగతి. ఏరిన కూలీలకు జీతములో భాగముగా నిచ్చుటయు, తక్కువ ధరకు జిరుతిండి చేయువారి కమ్ముటయు గొన్ని చోట్ల వాడుకగా నున్నవి. బాన్స్‌వాడాలో నెవరు చచ్చిరో పైన వ్రాసియున్నాము. ఏరివేసిన దానిని రైతు తనయొద్ద నుంచుకొన్నచో ధర కాశపడి యెక్కడనో యమ్మును. కావున సంఘమే దానిని దూచి, కొంత వెల కట్టి తీసికొని, శుద్ధి కార్ఖానా గల నూనెమిల్లునకే పంపవలెను. చెక్కను తిరిగి తెచ్చి పశువులకు గాక, వేరుసెనగ వేయని పొలములకు నెరువుగా వాడవలెను. ఇందులో వచ్చు నష్టమును మొదటి తరగతి కుప్పపై వచ్చిన యధిక ధరలోనుండి తీసి, లెక్కను సర్వసభ్య సమావేశములో జదువవలెను.